నెత్తురు పుట్టే తావులు

గర్భంలో ముందుగా ఏర్పడే అవయవం ఏదన్న ప్రశ్నపై సుశ్రుత సంహితలోని శారీరస్థానం ఒక చర్చాసభనే కూర్చింది. తల అని శౌనకుడు, గుండె అని కృతవీర్యుడు, నాభి అని పారాశర్యుడు, కాళ్లూ చేతులూ అని మార్కండేయుడు వాదించగా, లేత మామిడి పిందెలో టెంక, కండ, పీచు కలిసే ఉండి కంటికి వేరుగా కనబడనట్లు అవయవాలన్నీ ఒక్కసారే పుట్టి క్రమంగా తేటపడతాయని ధన్వంతరి తీర్పు చెప్పాడు. ఆ వాదనలో నెత్తురు ఊసే లేదు గాని, కాలేయమూ ప్లీహమూ రక్తం నుంచి పుడతాయని అదే గ్రంథం మరోచోట అంటుంది. నేటి పిండశాస్త్రం ఆ మాటను తిరగవేసి చదువుతుంది. కొన్ని నెలలపాటు గర్భస్థ శిశువుకు రక్తం తయారుచేసేది కాలేయమే. పూర్వులకు అంతా ముందే తెలుసనడానికి ఇది సాక్ష్యం కాదు; వారు సరైన రెండింటిని పక్కపక్కన పెట్టారనడం మాత్రం న్యాయం.

కోడిగుడ్డును రోజుకొకటి చొప్పున పగలగొట్టి చూసిన అరిస్టాటిల్‌కు మూడో రోజున కొట్టుకునే ఎర్రని చుక్క కనబడింది. మనిషిలో ఆ కథ మూడో వారంలో మొదలవుతుంది. పిండానికి వెలుపల ఉండే సొనసంచి గోడలో తొలి రక్తకణాలు దీవుల్లా గుమిగూడతాయి. 22వ రోజు ప్రాంతంలో గుండె కొట్టుకోవడం మొదలుపెడుతుంది. నాలుగో వారం చివర పిండపు ప్రధాన ధమని లోగోడ నుంచి, జీవితాంతం రక్తానికి విత్తనంగా నిలిచే మూలకణాలు పుట్టి కాలేయానికి వలసపోతాయి. ఆరో వారం నుంచి కాలేయమే ప్రధాన కర్మాగారం. దాదాపు ఏడో నెలకు ఆ పని ఎముకల్లోని మూలుగకు దక్కుతుంది.

తావు మారడమే కాదు, సరుకూ మారుతుంది. ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ నాలుగు ప్రోటీన్ గొలుసుల కూర్పు. గర్భస్థ శిశువులో రెండు ఆల్ఫా, రెండు గామా గొలుసులుంటాయి. పుట్టుక ముందూ వెనుకా గామా తగ్గి బీటా గొలుసులు పెరుగుతాయి. నవజాత శిశువు రక్తవర్ణకం క్షారానికి సులువుగా చెడదని కోర్బర్ 1866లోనే గమనించినా, ఆ తేడాకు అర్థం తెలియడానికి చాలా కాలం పట్టింది.

ఆ అర్థం ఆదిలాబాద్ అడవిపల్లెలకు దగ్గరి సంగతి. విదర్భ నుంచి ప్రాణహిత దాటి గోదావరి ఒడ్డుదాకా, గోండులలో, కొలాములలో సికిల్‌సెల్ రక్తహీనత ఉంది. బీటా గొలుసు ఆరో స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారడం వల్ల ఎర్రకణం కొడవలిలా వంగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటుంది. షికాగోలో హెరిక్ 1910లో దీన్ని వర్ణించాడు. 1949లో పౌలింగ్ బృందం ఇది అణువు జబ్బని చూపింది. అంతకు ఏడాది ముందే జానెట్ వాట్సన్ అనే వైద్యురాలు, ఈ జబ్బు వారసత్వంగా వచ్చిన పసికందుల రక్తకణాలు అంతగా వంగకపోవడం చూసి, గర్భకాలపు హిమోగ్లోబిన్ వాటిని కాపాడుతోందని ఊహించింది. దోషం బీటాలోనిది, గామా ఉన్నంతకాలం అది బయటపడదు. అందుకే ఆరు నెలలు నిండే వేళకు గాని చేతివేళ్లు, పాదాలు వాచి బిడ్డ ఏడవడం ఇంట్లోవాళ్లు చూడరు.

జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు ఆ 1948లోనే కన్నుమూశారు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం నేడు సికిల్‌సెల్ రోగులకు రోజూ ఇచ్చే మాత్ర. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే కొడవలి కణం 10-20 రోజుల్లోనే చితికిపోతుంది కనుక, మూలుగ ఎడతెగక కొత్త కణాలు చేయాలి. దానికి ఆ విటమిన్ కావాలి. ఇంకా లోతుకు పోయిన వైద్యం గర్భకాలపు రక్తాన్నే తిరిగి పిలుస్తుంది. హైడ్రాక్సీయూరియా గామాను పెంచుతుంది. 2023లో బ్రిటన్, అమెరికాలు ఆమోదించిన జన్యుసవరణ చికిత్స, గామాను అణచిపెట్టే బీసీఎల్11ఏ అనే జన్యువును రక్తమూలకణాల్లో బలహీనపరుస్తుంది. మధ్యభారత గిరిజనులలో పలువురికి పుట్టుకతోనే గర్భకాలపు హిమోగ్లోబిన్ కాస్త ఎక్కువగా మిగిలి, జబ్బు తీవ్రతను కొంత తగ్గిస్తుంది.

2023 జులైలో మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్‌లో తొలి వడపోతకు వాడే ద్రావణీయత పరీక్ష పసిపిల్లలకు సరిపోదు. ఆరు నెలల లోపు బిడ్డకు అది ఒక్కటే చేసి బాగుందని పంపితే, వెలువడిన జవాబు గర్భకాలపు హిమోగ్లోబిన్ ఇంకా మిగిలి ఉన్న నెత్తురుది. బీటా గొలుసులు పెరిగాక రాబోయే నెత్తురును అప్పుడే తెలుసుకోవాలంటే హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే పరీక్షకు చుక్క రక్తం పంపాలి.