మంచుగడ్డ పద్దు, మన బోరు పద్దు



మొన్న లేపాక్షిలో ఒక రైతు నన్ను అడిగినాడు: "హిమాలయాల్లో మంచంతా కరిగిపోతా వుందంట గదా సార్, మరి మన పెన్నలోకి నీళ్లెందుకు రావు?" చుట్టూ వున్నవారు నవ్వినారు గాని, ప్రశ్న మంచిదే. పెన్న నందికొండల్లో పుట్టిన వాననది. హంద్రీ-నీవా కాలువలో వచ్చే కృష్ణనీరు కూడా వాననీరే. రెంటిలోనూ మంచునీటి బొట్టు లేదు. అయినా ఆ మంచు కథ మన బోరు కథకు దగ్గరగానే వున్నది, వినండి.

హిమానీనదమంటే కొండలోయలో మెల్లగా జారే పెద్ద మంచుగడ్డ. గంగోత్రిది సుమారు 30 కిలోమీటర్ల పొడవు. పైన కురిసే మంచు జమ, కింద కరిగే నీరు ఖర్చు. బొగ్గు, పెట్రోలు కాల్చగా వచ్చిన వాయువులతో భూమి వేడెక్కి, ఖర్చు జమను మించింది. హిమాచల్ ప్రదేశ్‌లోని ఛోటా షిగ్రీ మీద 2002 నుంచి ఏటా వెదురుకర్రలు మంచులోకి దించి కొలుస్తున్నారు. మంచు కరిగేకొద్దీ కర్ర బయటపడుతుంది. అంతే పరికరం!

ఇందులో మోసమొకటి వున్నది. మంచు జాస్తిగా కరిగితే ముందు కొన్నేళ్లు ఏటిలో నీరు పెరుగుతుంది. కింది రైతుకు సంతోషమే. గడ్డ చిన్నదైనాక వేసవినీరు ఏటేటా తగ్గుతుంది. అప్పటికి ఆ నీటిని నమ్మి పైర్లు పెట్టి వుంటారు.

మనం చేసిందీ అదే గదా? పాతబావి ఎండితే బోరు వేసినాం. అది తగ్గితే ఇంకా లోతుకు పోయినాం. రెండించుల నీళ్లు పడినాయని మల్బరీ పెంచినాం. అవి ఏనాటి వానలో ఎవరికి తెలుసు!

తేడా ఒక్కటే. కరిగిన మంచుగడ్డను ఏ రైతూ తిరిగి పెట్టలేడు. మన నీరు మాత్రం మంచివాన కురిసి నేలలో ఇంకితే మళ్లీ పైకొస్తుంది. అయితే గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. అందుచేత కురిస్తే కుండపోత, లేకుంటే ఎండ. ఆ ఒక్కనాటి వాన వంకలో పడి పోకుండా కుంటల్లో పూడిక తీయాలి, వాలుకు అడ్డంగా దున్నాలి.

2000 తర్వాత సంవత్సరాల్లో అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల రైతులు తమ బావులను తామే కొలిచి, రబీకి ముందు నీటి పద్దు వేసుకున్నారు. మీరూ పాతబావిలోకి రాయి కట్టిన తాడు దించి, కార్తీకంలో ఒకసారి, వైశాఖంలో ఒకసారి కొలిచి గోడమీద రాసిపెట్టండి. నేను వచ్చినప్పుడు, మల్బరీ ఎన్ని సెంట్లు వుంచేదీ ఆ అంకె చూసి మాట్లాడుకుందాం. సెలవు.