పద్ధతియు ప్రయాసయు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన పెద్దవూర గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని ఆదేశించితిరి. లెక్కలు వ్రాయుట నా వృత్తి. పద్యములు చదువుకొనుట నా వేడుక. ఈ రెండును కలియు విషయ మొకటి కంప్యూటరు శాస్త్రమున నున్నది. దానినే మనవి చేయుదును.

ఒక పనిని నెరవేర్చుటకు ఏర్పరచిన మెట్ల వరుసను అల్గారిథమ్ అందురు. ఒకే పనికి పలు వరుసలుండవచ్చును. వానిలో నేది మేలు? పని పరిమాణము పెరిగినకొలది మెట్లు ఏ తీరున పెరుగునో చూచి నిర్ణయింతురు. ఆ పెరుగుదల తీరునకే కాలసంక్లిష్టత యని పేరు. పేరు క్రొత్తదే కాని, విషయము మన ఛందశ్శాస్త్రమునకు పరాయిది కాదు.

ఉత్పలమాలకు పాదమున 20 అక్షరములు. ప్రతి అక్షరమును గురువో లఘువో కావలెను గనుక, 20 అక్షరముల పాదమునకు 10,48,576 విధములు గలవు. వానినన్నిటిని వరుసగా వ్రాయుట ప్రస్తారము. ఆ వరుసలో ఉత్పలమాల 3,55,799వది. ఈ సంఖ్య మాత్రము చెప్పి గురులఘువుల నడిగినచో నేమి చేయవలెను? మొదటినుండి ప్రస్తారము వేయుదుమన్నచో, నిమిషమున కొక్క వరుస చొప్పున రేయింబవళ్లు వ్రాసినను 247 దినములు పట్టును.

పింగళాచార్యుని మార్గము వేరు. దానికి నష్టమని పేరు. సంఖ్య బేసియైనచో గురువు నుంచి, ఒకటి కలిపి సగము చేయవలెను. సరియైనచో లఘువు నుంచి సగము చేయవలెను. 3,55,799 బేసి, గురువు. ఒకటి కలిపి సగము చేయగా 1,77,900 సరి, లఘువు. దాని సగము 88,950 సరి, మరల లఘువు. భగణము సిద్ధించినది! ఇట్లే సాగినచో ఇరువది మెట్లలో భ, ర, న, భ, భ, ర, వ అను గణములు పూర్తియగును. ఇంటికి పోయి పలకపై వేసి చూడుడు.

ఇందలి మర్మ మిది. అక్షర మొకటి హెచ్చి చంపకమాల యైనచో, ప్రస్తారపు పని రెట్టింపై 20,97,152 వరుసలగును. నష్టమున నొక్క మెట్టే హెచ్చును. రెట్టింపు వేగము గల యంత్రమును కొని తెచ్చినను, ప్రస్తార మార్గమున అంతే కాలములో ఒక్క అక్షరము మాత్రమే ముందునకు పోగలము. కావున యంత్రబలముకన్న పద్ధతిబలము గొప్పది.

ఈ విచారణ పద్యములతో ఆగునది కాదు. మనుష్యుని మాటను యంత్రము గ్రహింపవలెనన్నను, విన్న ధ్వనికి ఏ పదము, దాని పిదప ఏ పదము అని ఊహలు ప్రస్తారమువలెనే పెరిగిపోవును. నాటి చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించిన దబ్బల రాజగోపాలరెడ్డిగారు ఈ రంగమున అగ్రగణ్యులు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున వారి బృందమునుండి 1976లో వెలువడిన హార్పీ అను ఏర్పాటు 1,011 పదములను గుర్తింపగలిగినది. అడుగడుగున సమీపముగా తోచిన ఊహలనే నిలిపి, తక్కినవానిని విడుచుట దాని ఉపాయము. అందువలన ఒక్కొక్కప్పుడు సరియైన ఊహయే జారిపోవచ్చును. ఆ నష్టమునకు ఒప్పుకొన్నందుననే పని సాధ్యమైనది. 1994లో వారికి ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ గారితో కలిపి ట్యూరింగ్ పురస్కారము లభించినది.

ఇక మన బీరువాల చెంతకు వత్తము. వేయి పుస్తకములు కలగాపులగముగా నున్నచో, ఒకదానికొరకు వేయింటిని చూడవలసి రావచ్చును. పేర్ల అక్షరక్రమమున నున్నచో నట్టనడుమ పుస్తకమును చూచి, మనకు కావలసినది ముందున్నదో వెనుకనున్నదో తెలిసికొని, సగమును విడిచివేయవచ్చును. ఇట్లు పది చూపులలో తేలిపోవును. పది లక్షలైనను ఇరువదియే.

క్రమపరచుటకు మాత్రము శ్రమ లేదా యనవచ్చును. ఉన్నది. ఒక్కొక్కటిగా తెచ్చి వరుసలో నిరికించుచు పోయినచో, వేయి పుస్తకములకు పోలికలు దాదాపు ఐదు లక్షల వరకు పోవచ్చును. చిన్నచిన్న కట్టలను సరిచేసి, రెండేసి కట్టలను కలుపుచు పోయినచో పదివేల లోపే ముగియును. ఈ కలుపు పద్ధతిని 1945లో జాన్ వాన్ నాయ్‌మన్ కంప్యూటరుకు కూర్చెను. ఒక్కమారే వెదకువానికి ఈ క్రమము దండుగ. నిత్యము వెదకు గ్రంథాలయమునకు అది పెట్టుబడి.

ఒకప్పుడు నేనొక కార్యాలయమున పాత కాగితము కొరకు ఉదయమునుండి కూర్చుంటిని. నా ప్రక్కన నొక వృద్ధ రైతు. గుమాస్తా సోమరి కాడు. చెమటలు క్రక్కుచు కట్టలు విప్పుచునే యుండెను. కట్టలు సర్వే నంబర్ల వరుసన నుండెను. ఆ రైతునకు తండ్రి పేరే తెలియును. పొద్దు గ్రుంకినది. కూలి పోయినది, కాగితము దొరకలేదు. పేర్ల పట్టిక యొకటి యున్నచో గడియలో తీరెడి పని యది. శ్రమ లోపింపలేదు, పద్ధతి లోపించినది.

గ్రంథాలయ శాస్త్రమునకు రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన ఐదు సూత్రములలో నాలుగవది పాఠకుని కాలమును కాపాడుటను గూర్చినదే. పగలెల్ల చేనిలో పాటుపడి సాయంత్రము అరగంటకై వచ్చువానికి ఆ అరగంట వెదకుటకే చాలకపోయినచో, బీరువా నిండుగ నుండియు వానికి లేనట్లే. కావున రెండు కోరికలు కోరుచున్నాను. గ్రంథకర్తల పేర్లతో నొకటి, గ్రంథముల పేర్లతో నొకటి, రెండు పట్టికలను కార్యవర్గము వారు సిద్ధము చేయింపవలెను. తీసిన పుస్తకమును చందాదారులు తీసిన తావుననే యుంచవలెను. ఒకరు తప్పు తావున నుంచిన పుస్తకము వెనుక వచ్చువారి కందరికి లేని పుస్తకమే యగును.