గుంటూరు వైద్యురాలు డాక్టరు కుగ్లరు

కొలది దినముల క్రిందట మాకొక శ్రోత జాబు వ్రాసిరి. "ఉదయమున మీరు ధర్మప్రసంగములు వినిపింతురు. సాయంకాలమున సేవను గూర్చి చెప్పుదురు. విన్నంతసేపు బాగుగనే యుండును. రేడియో కట్టివేసిన పిదప చేయి కదలదు. కారణమేమి?" అని ఆ జాబు సారాంశము. ప్రసంగములు చేయుటయే వృత్తిగా గలవానికి ఇట్టి ప్రశ్న కొంచెము గుచ్చుకొనును. జవాబు తోచక ఆ జాబును సొరుగులో నుంచితిని. నేడు నేను చెప్పబోవు కథకు కూడ ఒక జాబే మూలము. ఆ శ్రోత ఇదియే తమకు వచ్చిన జవాబనుకొందురు గాక.

ఆ జాబు గుంటూరునుండి అమెరికాకు పోయినది. వ్రాసినవాడు ఆడం రో అను లూథరన్ మిషనరీ. గుంటూరులో లూథరన్ వారి పని 1842లో ఫాదర్ హయ్యరు రాకతో మొదలైనది. ఆ హయ్యరును గూర్చి ఒక్క మాట చెప్పక ముందుకు పోలేను. ఏబది యేండ్లు దాటిన పిదప స్వదేశమునకు మరలిపోయి, కుఱ్ఱవారి నడుమ కూర్చుండి వైద్యము చదివి, పట్టము పుచ్చుకొని తిరిగి తెలుగుదేశమునకు వచ్చినవాడాయన. అయినను ఆనాడు పురుషుడెంత వైద్యుడైనను స్త్రీలకు కలుగు మేలు స్వల్పమే. ఘోషాలో నున్న స్త్రీ, పురిటి మంచముపై నున్న స్త్రీ, ప్రాణము మీదికి వచ్చినను పరపురుషునకు చేయి చూపుటకు సమ్మతింపకుండెను. ఆమె సమ్మతించినను ఇంటివారు సమ్మతింపకుండిరి. ఈ స్త్రీల దురవస్థనే రో తన జాబులో తెలిపెను.

ఆ జాబందుకొన్న యువతి పేరు అన్నా శారా కుగ్లరు. ఆమె 1856లో పెన్సిల్వేనియా రాష్ట్రములోని ఆర్డ్‌మోరులో జన్మించెను. 1879లో పెన్సిల్వేనియా స్త్రీల వైద్య కళాశాలలో పట్టము పొంది, నారిస్‌టౌను మానసిక ఆసుపత్రిలో స్త్రీల విభాగమున వైద్యురాలుగా పనిచేయుచుండెను. మంచి ఉద్యోగము, తెలిసిన ఊరు, చుట్టు నున్నది తన జనము. అవి యన్నియు విడిచి ఆమె బయలుదేరెను. 1883 చివర గుంటూరు చేరునప్పటికి జాబు వ్రాసినవాడు లేడు. 1882లోనే రో మరణించియుండెను.

తాను వేసిన విత్తు మొలకెత్తుట ఆయన చూడలేదు. ఒక్క జాబు వ్రాసి, తపాలాలో వేసి, మరల తన పనిలో పడినవాడు. దానివలన ఏమగునో ఆయనకేమి తెలియును?

కథ ఇంతటితో సుగమమైనదని తలపవద్దు. కుగ్లరును పంపిన సంఘమువారు ఆమెను వైద్యము కొరకు పంపలేదు. వైద్యసేవకు సమయమింకను రాలేదని వారి యభిప్రాయము. బాలికలకు చదువు చెప్పుట, ఘోషా స్త్రీల యిండ్లకు పోయి బోధించుట, ఇవియే ఆమెకు ఒప్పగించిన పనులు. వైద్యపట్టము గల వ్యక్తిని పలకా బలపముల ముందు కూర్చుండబెట్టిరి. మనలో అనేకులు ఇట్టి సందర్భమున రాజీనామా వ్రాయుదుము, లేదా జీవితాంతము సణుగుచుందుము. ఆమె పాఠశాలకు పోయెను. కాని చదివిన వైద్యమును ఓడలో వదలి రాలేదు గదా! ఎవరైన నొప్పియని వచ్చిన మందిచ్చెను, పిలిచిన యింటికి పోయెను. రెండేండ్లు గడచునప్పటికి రోగులే ఆమె పక్షమున సాక్ష్యమైరి. సంఘమువారు ఆమెను వైద్యురాలుగా నియమింపక తప్పలేదు. 1886లో మందులశాల తెరువబడెను.

పిలిచిన యిండ్లన్నియు ఆదరముతో పిలువలేదు. అగ్రవర్ణముల వారికి ఆమె మ్లేచ్ఛురాలు. ఆమె తాకిన పిదప స్నానములు, శుద్ధులు జరుగుచుండెను. వ్యాధి నయము చేసిన చేతికే మైలయను పేరు! దీనిని మన పెద్దల తప్పుగా చెప్పుటకు నాకు సంకోచము లేదు. అయినను గడప దాటి పిలిచినవారును ఆ పెద్దలే. ఆచారమునకును బిడ్డ ప్రాణమునకును నడుమ నలిగి, కడకు కబురు పంపిన ఏ పేరు తెలియని అత్తగారో, అమ్మమ్మో, ఆమెకు గల ధైర్యము కూడ చిన్నది కాదు.

కుగ్లరు నడుమ స్వదేశమునకు పోయి, అక్కడి సంఘ స్త్రీల సాయముతో ధనము కూర్చుకొని వచ్చెను. 1898లో గుంటూరు ఆసుపత్రి తెరువబడెను. అంతకు పూర్వమే, ఆ దశాబ్దిలోనే, కాథరిన్ ఫాస్ అను నర్సు, మేరీ బేర్ అను వైద్యురాలు ఆమెను చూచి వచ్చి చేరిరి. ఫాస్ మొదలగువారి శిక్షణలో తెలుగు బాలికలు నర్సులైరి. ఈ సంగతిని చరిత్రకారులు ఒక వాక్యములో తేల్చివేయుదురు గాని, నా దృష్టిలో కట్టడముకంటె ఇదియే గొప్పది. పరుల మలమూత్రములు ఎత్తుట, పురిటి గుడ్డలు ఉతుకుట నీచమైన పనియని ఎంచబడు కాలమున, పట్టపుచ్చుకొన్న దొరసాని స్వయముగా ఆ పని చేయుచుండగా చూచినపుడు గదా, ఒక పల్లెటూరి బాలికకు దానిలో అవమానము లేదని తోచును! క్రీస్తు తన శిష్యుల పాదములు కడిగెనను కథను ఆ బాలిక ఆదివారపు బడిలో ఎన్నిమారులో వినియుండును. దానిని కంటితో చూచుట వేరు.

ఇచ్చట ఒక ప్రశ్న వచ్చును. దానిని దాటవేయుట న్యాయము కాదు. ఈ సేవ మతవ్యాప్తికి ఎరయా? కుగ్లరు మిషనరీ. తన విశ్వాసమును ఆమె దాచలేదు. ఆసుపత్రిలో ప్రార్థనలు జరిగెను, బైబిలు చదువబడెను. రోగముతో నిస్సహాయముగా పడియున్నవారికి మతము బోధించుట తగునా యని అడుగు హక్కు మనకు కలదు. ఆ ప్రశ్న కఠినమైనదే. నేను చూడగలిగినంతలో ఒకటి చెప్పుదును. మందునకు మతము వెలగా పెట్టబడలేదు. దానికి రాతితో కట్టిన సాక్ష్యమొకటి కలదు.

ఏలూరు జమీందారు మంత్రిప్రగడ భుజంగరావుగారి పేరు తెలుగు సాహిత్యము నెఱిగినవారు వినియే యుందురు. ఆయన స్వయముగా కవి. ఏలూరులో మంజువాణీ ముద్రాక్షరశాలను నడపినవారు. ఆయన ఇల్లాలికి కుగ్లరు వైద్యము చేసి కాపాడెను. ఆ కృతజ్ఞతతో ఆయన ఆసుపత్రి యెదుట ఒక సత్రము కట్టించిరి. దూరపు ఊళ్లనుండి వచ్చు హిందూ రోగుల బంధువులు అందు దిగి, తమ వంట తాము చేసికొని, తమ ఆచారము ప్రకారము ఉండుటకు వీలు కలిగెను. క్రైస్తవ ఆసుపత్రి ఎదుట హిందూ సత్రము! వీధికి ఒకవైపున ప్రార్థన, రెండవవైపున మడివంట. ఆచారముల నిట్లు మన్నించుట వర్ణభేదమునకు లొంగుటయే యని నేటివారు విమర్శింపవచ్చును. ఆ విమర్శలో సత్యము లేకపోలేదు. కాని ఆ సత్రము లేనిచో ఎందరు తల్లులు ఇంటి గడప దాటకయే కన్నుమూసియుందురో ఆలోచింపుడు.

జమీందారుగారిని ఎవరును చందా అడిగినట్లు గాని, దానధర్మములపై ఉపన్యసించినట్లు గాని నేను వినలేదు. ఆయన ఆమె పనిని చూచిరి, అంతే. రో జాబు చూచి కుగ్లరు వచ్చెను. కుగ్లరును చూచి ఫాస్, బేర్ వచ్చిరి. వారిని చూచి తెలుగు బాలికలు తెల్లచీర కట్టిరి. వేరొక మతమువాడైన కవి సత్రము కట్టించెను. శ్రోతగారూ, ఈ వరుసలో ప్రసంగమునకు దక్కిన చోటెంతయో మీరే చూచితిరి. నాకు కొంత చిన్నతనముగా నున్నను ఒప్పుకొందును.

ప్రభుత్వమువారు ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకము నిచ్చిరి. 1928లో ఆమె తన ఆసుపత్రి చరిత్రను గ్రంథముగా వ్రాసెను. 1930 జూలైలో గుంటూరులోనే కన్నుమూసెను. వచ్చిన నాటినుండి లెక్కించిన నలుబదియారేండ్లు దాటినవి. పిదప ఆసుపత్రికి ఆమె పేరే పెట్టిరి. గుంటూరులో బండి యెక్కి కుగ్లర్ ఆసుపత్రి అన్న చాలును. ఆ పేరు ఏ దేశపుదని ఎవరును అడుగరు.