వీడియో ఆటలు – ఒక విశ్రాంత గుమస్తా అనుభవం

(ద్వారకా నగర్‌లో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల మీద మాట్లాడటానికి నాకంటే సమర్థులు ఈ వేదిక మీద ఉన్నారు. అందుచేత కార్యదర్శి గారు నన్ను ఏదైనా తేలిక విషయం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. వీడియో ఆటల గురించి చెబుతానంటే నా ముఖం వంక ఒకసారి చూసి "మీ ఇష్టం" అన్నారు. డెబ్బై నాలుగేళ్లవాడికి ఈ బుద్ధి ఎందుకు పుట్టిందో ముందుగా మనవి చేసుకోవాలి.

1995లో నేను యు.డి.సి.ని. ఇక్కడే ద్వారకా నగర్‌లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. ఆ రోజుల్లో బ్రిక్ గేమ్ అని అరచేతిలో పట్టే ఆటవస్తువు ఒకటి వచ్చింది, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సెల్స్ వేస్తే పైనుంచి ఇటుకలు పడుతూ ఉంటాయి. వాటిని తిప్పి సందు లేకుండా పేర్చాలి. వరుస నిండితే అది మాయమవుతుంది. దాచుకున్న డబ్బులతో మావాడు అది కొనుక్కున్నాడు. క్వార్టర్లీలో లెక్కలు తప్పాడు. నేను చెయ్యి చేసుకుని, ఆ వస్తువు లాక్కుని ట్రంకు పెట్టెలో వేసి తాళం పెట్టాను. పరీక్షలయ్యాక ఇస్తానన్నాను. ఇవ్వలేదు. వాడూ మళ్లీ అడగలేదు.

మూడేళ్ల క్రితం మా ఆవిడ కాలం చేసింది. ఏవో కాగితాల కోసం ట్రంకు తెరిస్తే అడుగున అది కనిపించింది. పాత చీర ముక్కలో చుట్టి ఉంది. చుట్టింది నేను కాదు. లోపల సెల్స్ తీసేసి ఉన్నాయి, అందుకే తుప్పు పట్టలేదు. ఆ రాత్రి ఎలాగూ నిద్ర లేదు గనుక కొత్త సెల్స్ వేసి మూడు గంటల దాకా ఆడాను. అలా మొదలైంది.

ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయి కొడుకు నా దగ్గరే ఉంటాడు. వాడు చెప్పగా తెలిసింది, ఈ ఇటుకల ఆట అసలు పేరు టెట్రిస్. 1984లో మాస్కోలో సోవియట్ సైన్సెస్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేసే అలెక్సీ పజిట్నోవ్ దీన్ని తయారు చేశాడు. అంటే మనలాగే సర్కారు ఉద్యోగి! ఆయన దగ్గరున్న ఎలక్ట్రోనికా 60 యంత్రానికి బొమ్మలు గీయడం రాదు. అందుకని బ్రాకెట్ గుర్తులనే పక్కపక్కన పెట్టి ఇటుకలు కట్టాడు. ఆట లోకమంతా అమ్ముడుపోయింది. హక్కులు మాత్రం ప్రభుత్వానివి కావడంతో, 1996లో అవి తిరిగి చేతికొచ్చేదాకా ఆయనకు రాయల్టీ లేదు. పన్నెండేళ్లు! మన అరియర్సే నయం. (నవ్వులు)

బిళ్ల వేసి ఆడే పాత యంత్రాల కథ కూడా ఇలాంటిదే. 1978లో జపానులో నిషికాడో అనే ఆయన స్పేస్ ఇన్వేడర్స్ చేశాడు. అందులో శత్రువులు చచ్చేకొద్దీ మిగిలినవాళ్ల వేగం పెరుగుతుంది. అది ముందు అనుకుని పెట్టింది కాదట. గీయవలసిన బొమ్మలు తగ్గేసరికి యంత్రానికి బరువు తగ్గి వేగం వచ్చింది. బాగుందని అలాగే ఉంచేశాడు. ఫైళ్లు తగ్గితే మన వేగం పెరిగిందా అని మాత్రం నన్ను అడక్కండి.

ఇప్పుడు పెద్ద కంపెనీల ఆటలకు వందలమంది ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. అయినా ఒకరిద్దరు ఇంట్లో కూర్చుని ఆ పాత తరహాలో చిన్న ఆటలు చేస్తూనే ఉన్నారు. 2012లో టెర్రీ కావనా అనే ఐర్లండు ఆయన చేసిన సూపర్ హెక్సాగన్ మనవడు నా చేతికిచ్చాడు. మొదటి రోజు ఆరు సెకన్లు నిలిచాను. లూకా గలాంటే అనే ఇటలీ ఆయన ఒంటరిగా మొదలుపెట్టిన వాంపైర్ సర్వైవర్స్ అయితే 2023లో బ్రిటన్‌లో బాఫ్టా వారి ఉత్తమ గేమ్ బహుమతి కొట్టింది.

వీటిలో ఏముందయ్యా అంటే, చిన్నప్పుడు అరుగు మీద బొగ్గుతో గీసుకున్న పులిజూదంలో ఏముందో అదే. నియమం ఒక్క ముక్కలో తెలిసిపోతుంది. ఓడితే తప్పు మనదే, ఇంకొకరి మీద నోట్ పెట్టడానికి లేదు. మళ్లీ మొదలుపెట్టడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. సాయంత్రం అయిదింటికి ఇంట్లో పలకరించే మనిషి లేనప్పుడు ఆ రెండు నిమిషాల పని ఎంత ఆసరాయో అనుభవించినవాడికే తెలుస్తుంది.

అయితే ఇవి పట్టుకుంటే వదలవు. హనోయిలో డాంగ్ న్యుయెన్ అనే యువకుడు 2013లో ఫ్లాపీ బర్డ్ అనే పిట్ట ఆట చేశాడు. రోజుకు యాభై వేల డాలర్లు వస్తున్నాయని పత్రికలు రాశాయి. జనం దానికి బానిసలవుతున్నారని 2014 ఫిబ్రవరిలో తనే తీసేశాడు. ఇక డబ్బు పెట్టి ఆడే ఆటల జోలికి పోకండి. వాటిని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టమే చేసింది. పెన్షన్ ఖాతా వివరాలు అడిగేది ఆట కానే కాదు.

మొన్న సంక్రాంతికి మా అబ్బాయి వచ్చాడు. ఇద్దరు పిల్లల తండ్రి. ఆ బ్రిక్ గేమ్ వాడి చేతిలో పెట్టాను. చెప్పదలచుకున్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. "మీరు ఆఫీసుకు వెళ్లాక అమ్మ తీసి ఇచ్చేది నాన్నా. మీరొచ్చే వేళకి సెల్స్ తీసేసి మళ్లీ పెట్లో పెట్టేసేది" అన్నాడు.

రెండో తాళంచెవి ఆవిడ దగ్గర ఉందన్న సంగతే నాకు తెలియదు.

వాడు మంచం మీద కూర్చుని, భోజనానికి పిలిచేలోగా నా స్కోరు దాటేశాడు.