పరధ్యానం నుండి అప్రమాదానికి

 

ప్రతి ఆదివారం మనం త్రిశరణాలు చెప్పుకొని పంచశీలాలు స్వీకరిస్తున్నాం. ఐదవ శీలం దగ్గరకు వచ్చేసరికి, 'మాకు తాగుడు అలవాటు లేదు గనుక ఇది మాకు సులభమే' అనుకొని మనలో చాలామంది ముందుకు సాగిపోతాం. కాని ఆ శీలంలో మత్తు పానీయాల పేర్ల వెంటనే 'పమాదట్ఠానా' అనే మాట ఉన్నది. మత్తును విడువమనడానికి అక్కడ చెప్పిన కారణం అదే: అది పమాదానికి స్థానం. పాళీలో పమాదం అంటే ఏమరుపాటు. మన వాడుకలో ప్రమాదం అంటే ఆపద. ఒకే మాట అక్కడ కారణాన్ని, ఇక్కడ ఫలితాన్ని చెబుతున్నది. ఏమరుపాటు కలిగించేది సీసాలో ఉన్నా, చేతిలోని ఫోనులో ఉన్నా, ఆ శీలం మనలను ప్రశ్నించక మానదు.

తెలుగులో ఇంకొక మంచి మాట ఉన్నది: పరధ్యానం. మనసు నిలువని మనిషికి ధ్యానం లేదని మన పెద్దలు అనలేదు. అతని ధ్యానం వేరొకదాని పాలయిందని అన్నారు. మనకు ధ్యానశక్తి లేక కాదు. తెల్లవారింది మొదలు దానిని మనం అడిగినవారికల్లా పంచిపెడుతున్నాం. చేయవలసిన పని దగ్గరకు వచ్చేసరికి మన దగ్గర మిగిలేది అలసట మాత్రమే.

ఇతరులకు చెప్పేముందు మా తప్పును చెప్పుకోవడం ధర్మం. కొంతకాలం క్రితం మేము బాబాసాహెబ్ రచించిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథాన్ని వారానికొకసారి సామూహికంగా చదవాలని సంకల్పించాం. ఎనిమిది భాగాల గ్రంథం అది. ఒకరు చదువుతుండగా ఒక ఫోను మోగేది. ఒకరు లేచి బయటకు పోయేవారు. తిరిగి వచ్చి, 'ఎక్కడున్నాం?' అని అడిగేవారు. మళ్లీ మొదలుపెట్టేసరికి వేరొకరి ఫోను. ఏడాది గడిచినా మొదటి భాగం పూర్తి కాలేదు. తీరిక లేదని, ఉద్యోగాల ఒత్తిడి అని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం.

ఒకనాడు, ప్రతి వారం తప్పక వచ్చి వెనుక వరుసలో కూర్చునే ఒక వృద్ధ ఉపాసిక లేచి ఇలా అన్నది: "నాకు చదువు రాదు నాయనా. మీరు చదివితేనే నాకు వినబడేది. మీ ఫోను మోగినప్పుడల్లా నాకు బుద్ధుడు ఆగిపోతున్నాడు."

మేము తల వంచుకున్నాం. మా ఏకాగ్రత మా సొంత ఆస్తి అనుకున్నాం. దానిమీద ఆమెకు హక్కు ఉన్నదని ఆనాటివరకు మాకు తోచలేదు. తరతరాలుగా అక్షరానికి దూరం చేయబడిన జాతి మనది. మనలో చదువు వచ్చినవాడు పరధ్యానంలో పడితే నష్టపోయేది అతడొక్కడే కాదు, అతని నోటినుండి వినవలసినవారు కూడా.

ఆ తరువాతి వారం గుమ్మం దగ్గర ఒక వెదురు బుట్ట పెట్టాం. లోపలికి వచ్చే ప్రతివారూ ఫోను కట్టేసి అందులో ఉంచాలని నియమం. ఇది మా తెలివి కాదు. తథాగతుని బోధలోనే దీనికి ఆధారం ఉన్నది. సంయుత్త నికాయంలో ఆరు ప్రాణుల ఉపమానం ఉన్నది. పామును, మొసలిని, పక్షిని, కుక్కను, నక్కను, కోతిని ఆరు తాళ్లతో కట్టి, ఆ తాళ్లన్నిటినీ ఒకచోట ముడివేస్తే పాము పుట్టవైపు లాగుతుంది, మొసలి నీటివైపు, పక్షి ఆకాశానికి, కుక్క ఊరికి, నక్క శ్మశానానికి, కోతి అడవికి. ఏది బలమైనదైతే మిగిలినవి దాని వెంట ఈడ్వబడతాయి. మన ఆరు ఇంద్రియాలు ఇటువంటివే. అయితే అదే తాళ్లను గట్టి స్తంభానికి కట్టినప్పుడు, అవి కొంతసేపు గుంజుకొని, అలసి, ఆ స్తంభం దగ్గరే పడుకుంటాయి. కాయగతాస్మృతి, అనగా శరీరంమీద నిలిపిన ఎరుక, ఆ స్తంభం.

ఇందులో గమనించవలసినది ఒకటున్నది. ప్రాణులను కొట్టమని బుద్ధుడు చెప్పలేదు. స్తంభం పాతమన్నాడు. మనమేమో స్తంభం పాతకుండా, 'నా మనసు చెడ్డది, నాకు పట్టుదల లేదు' అని మనలను మనమే తిట్టుకుంటున్నాం. నియతమైన వేళ, నియతమైన చోటు, ఎదుట ఒక్క పని: గృహస్థులమైన మనకు ఇవే స్తంభాలు.

అయినా లోపలినుండి తలపులు రాక మానవు. దానికి మజ్ఝిమ నికాయంలోని వితక్కసంఠాన సుత్తంలో ఐదు ఉపాయాలు ఉన్నాయి. వడ్రంగి సన్నని మేకుతో మొద్దు మేకును ఊడగొట్టినట్లు, చెడు తలపును మంచి తలపుతో తొలగించడం మొదటిది. తొలగకపోతే ఆ తలపువలన కలిగే కీడును విచారించాలి. అప్పటికీ పోకపోతే దానిని పట్టించుకోకుండా విడిచిపెట్టాలి. నాలుగవది, వేగంగా నడిచేవాడు మెల్లగా నడిచి, నిలబడి, కూర్చొని, పడుకొన్నట్లు, ఆ తలపు వేగాన్ని క్రమంగా తగ్గించడం. పళ్లు బిగబట్టి మనసును అణచడం చిట్టచివరిది. మనం మొదటే ఐదవ ఉపాయానికి దిగి, ఓడిపోయి, ప్రయత్నాన్నే మానుకుంటున్నాం.

ఇక మన కాలానికి వద్దాం. 'మా ఇల్లు ఇరుకు, పిల్లలకు చదువుకొనే చోటు లేదు' అనే మాట మనం తరచు వింటాం. అది నిజమైన కష్టమే. బొంబాయి పరేల్‌లోని ఒక చాల్‌లో ఒకే గదిలో బాబాసాహెబ్ కుటుంబం నివసించింది. ఆ బాలుడు పెందలాడే పడుకుంటే, తండ్రి రామ్‌జీ సక్పాల్ రాత్రి రెండు గంటలకు లేపేవారు. ఇల్లంతా నిద్రిస్తున్నప్పుడు దీపపు వెలుగులో చదువు సాగేది. బడి విడిచిన తరువాత ఆయన చర్నీ రోడ్డు ఉద్యానవనంలో చదువుకొనేవాడు. ఆ ఏకాగ్రతే కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ దృష్టిని ఆకర్షించింది. ఆ కేలూస్కరే తాను వ్రాసిన బుద్ధ చరిత్రను ఆ విద్యార్థి చేతిలో పెట్టారు. తోటలో ఒక బాలుడు తదేకంగా చదువుకోవడానికీ, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలాదిమంది దీక్ష స్వీకరించడానికీ మధ్య ఒక దారి ఉన్నది. ఆ దారిలోనే మనం ఇక్కడికి వచ్చాం.

ఆ దీక్షనాటికి ఆయన ఆరోగ్యం బాగా క్షీణించింది. అయినా మనకొక గ్రంథం ఇవ్వాలని వ్రాస్తూనే ఉన్నారు. డిసెంబర్ 6న పరినిర్వాణం చెందారు. గ్రంథం 1957లో వెలువడింది. తన చివరి శక్తిని ధారపోసి ఆయన వ్రాసినదానికి మనం రోజుకు ఒక గంట కేటాయించలేమా?

అయితే అతి కూడదు. నడిచి నడిచి కాళ్లు నెత్తురోడిన సోణునికి తథాగతుడు వీణను గుర్తుచేశాడు. తంత్రి మరీ బిగిసినా పలకదు, మరీ సడలినా పలకదు. బంధువుల కష్టసుఖాలు విననవసరం లేదని, ఫోనును పారవేయమని మేము చెప్పడం లేదు. దాని వేళను మనం నిర్ణయించాలే గాని, మన వేళను అది నిర్ణయించరాదు.

కనుక ఈ సభ ఎదుట ఒక ప్రతిపాదన ఉంచుతున్నాం. ఆషాఢ పౌర్ణమి తరువాత భిక్షువులు మూడు నెలలు వర్షావాసం పాటిస్తారు. ఆ మూడు నెలలూ మన ప్రతి ఇంట్లో సాయంత్రం ఒక గంట టీవీ, ఫోను కట్టేసి, పిల్లలు పాఠాలు, పెద్దలు ధమ్మ గ్రంథాలు చదువుదాం. చదువు రానివారికి ఒకరు చదివి వినిపిద్దాం. పిల్లలకు వేరే గది ఇవ్వలేకపోవచ్చు. ఒక నిశ్శబ్దపు గంటను ఇవ్వగలం.

మా సంఘంలో బుట్ట పెట్టిన తరువాత గ్రంథపఠనం ముందుకు సాగింది. ఇంకా పూర్తి కాలేదు. ఆ వృద్ధ ఉపాసిక ఇప్పుడు వెనుక వరుసలో కూర్చోవడం లేదు. చదివేవారి పక్కనే కూర్చుంటున్నది. ఒకటి రెండుసార్లు మాలో ఒకరు మరచిపోయి ఫోనుతో లోపలికి వస్తే, ఆమె ఏమీ అనలేదు. బుట్టవైపు చూసింది, అంతే.

కుసినారలో సాలవృక్షాల నడుమ తథాగతుడు తన శిష్యులకు చివరిగా అప్పగించినది అప్రమాదం. దానిని మనం రేపటికి వాయిదా వేయకుందాం. ఈ సాయంత్రమే, మన ఇంట్లో, మన గంటను మొదలుపెడదాం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.