ఇనుము ఊరి పేరు అడగదు



కృష్ణా తుంగభద్రల నడిమి సీమలో నెలకొన్నది ఈ ముదగల్. ఇటునుండి సాగిపోయే కృష్ణమ్మ కడలిని చేరే తీరసీమలో, బాపట్ల సమీపాన, స్టువర్టుపురమనే గ్రామమున్నది. బ్రిటిష్ పాలకులు నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను అక్కడ నిర్బంధించి ఉంచారు. 1952లో ఆ చట్టం రద్దయింది. ఊరి పేరుపై పడిన మచ్చ మాత్రం మిగిలిపోయింది.

ఆ ఊరి బిడ్డ రాగాల వెంకట్ రాహుల్. 2014 ఆగస్టులో, పదిహేడేళ్ల ప్రాయంలో, చైనాలోని నాంజింగ్‌లో జరిగిన యువజన ఒలింపిక్ క్రీడలలో వెయిట్‌లిఫ్టింగ్ 77 కిలోల విభాగాన రజతపతకం సాధించాడు. ఆ క్రీడలలో భారత బృందానికి దక్కిన పతకాలు రెండే. రెండవది విలువిద్యలో అతుల్ వర్మ గెలిచిన కాంస్యం.

బరువులెత్తే పోటీలో స్నాచ్‌కు మూడు, క్లీన్ అండ్ జర్క్‌కు మూడు అవకాశాలుంటాయి. ఒక్కొక్కదానిలో ఎత్తిన గరిష్ఠ భారాలను కూడితే అదే తీర్పు. తాతముత్తాతలెవరని అక్కడ ఎవరూ అడగరు. 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడలలో, 85 కిలోల విభాగాన, రాహుల్ మొత్తం 338 కిలోలెత్తి స్వర్ణం గెలిచాడు.

ఒక్క పతకంతో తరతరాల అపవాదు తొలగిపోదు. అయితే ఆ క్రీడావేదిక పాటించిన న్యాయాన్ని పాఠశాల కూడా పాటించవచ్చు. హాజరుపట్టీలోని ఇంటిపేరును బట్టి, వచ్చిన పేటను బట్టి ఏ బిడ్డ శక్తినీ ముందుగా తూచరాదు. ముందు అవకాశమివ్వాలి, ఆ తరువాతనే తూచాలి. డెబ్బదియైదేండ్ల విద్యాలయానికి ఇంతకు మించిన వ్రతం లేదు.