డాబా మీద సోలార్: ఎవరికి ఎంత సబ్సిడీ, ఎక్కడ మోసపోతున్నాం
(పీఎం సూర్యఘర్ పథకంపై గ్రామసభలో జిల్లా సమాచార అధికారి ప్రసంగ పాఠం)

పత్తి తీతలు వదిలిపెట్టి వచ్చారు కాబట్టి ఎక్కువసేపు ఆపను. కాగితంలో రాసింది చదవటానికి నేను అక్కర్లేదు, కాగితంలో లేనివి చెప్పటానికే వచ్చాను.

ముందు డబ్బు సంగతి. పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజనను కేంద్రం 2024 ఫిబ్రవరిలో తెచ్చింది. దేశంలో కోటి ఇళ్లు లక్ష్యం. గడువు 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు. ఇంటి మీద ఒక కిలోవాట్ పెట్టుకుంటే 30,000, రెండైతే 60,000, మూడైతే 78,000 రూపాయలు సబ్సిడీ. ఐదు కిలోవాట్లు పెట్టినా అదే 78,000, పైసా పెరగదు. బీసీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల దాకా రాష్ట్ర ప్రభుత్వం ఇంకో 20,000 కలుపుతోంది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల వరకు ఉచితంగా పెట్టే కార్యక్రమం వేరే ఉంది. అది డిస్కం ద్వారానే జరుగుతుంది. దానికోసం ఎవరి చేతిలోనూ రూపాయి పెట్టకండి.

ఈ పథకం కరెంటు తయారుచేసే ప్యానెళ్లకే. నీళ్లు కాచే సోలార్ హీటరుకి, ఈమధ్య షాపుల్లో చూపిస్తున్న హీట్ పంపు గీజరుకి ఇది వర్తించదు. వాటికి కూడా సూర్యఘర్ సబ్సిడీ వస్తుందని ఎవరన్నా చెప్తే అక్కడే లేచి వచ్చేయండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. అందరూ పెట్టుకోవాలా? నా మాటగా చెప్తున్నాను, అక్కర్లేదు. నెలకి 300 యూనిట్లు కాలే ఇల్లు తీసుకోండి. ఏసీ, ఫ్రిజ్జు, మోటారు ఉన్న ఇల్లు. మన శ్లాబుల ప్రకారం కరెంటు ఛార్జీ ఒక్కటే సుమారు 1,670 రూపాయలు. రెండు కిలోవాట్లు పెడితే నెలకి ఇంచుమించు 240 యూనిట్లు తయారవుతాయి. మిగిలిన 60 యూనిట్లకి పడేది 150 లోపే. అంటే నెలకి పదిహేను వందలు మిగులు. అదే 100 యూనిట్లు కాలే ఇంటికి బిల్లే 300 చిల్లర. ఆ ఇంటివాళ్లు అప్పు తెచ్చి పెడితే వాయిదా బిల్లు కంటే ఎక్కువవుతుంది. మొదటి యూనిట్లు మనకి చవకగా 1.90కి వస్తున్నాయి, చివరి యూనిట్లే 8.75, 9.75 దాకా పోతాయి. సోలార్ కొట్టేది ఆ ఖరీదైన యూనిట్లనే. ఎండాకాలం బిల్లు ఒక్కటే చూసి నిర్ణయించొద్దు, పన్నెండు నెలల బిల్లులు ముందేసుకుని చూడండి.

చోటు కూడా చూసుకోవాలి. కిలోవాట్‌కి వంద చదరపు అడుగుల దాకా నీడ పడని జాగా ఉండాలి. పక్కింటి వేపచెట్టు, మన నీళ్ల ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా మొత్తం దిగుబడి తగ్గొచ్చు. డాబా మీద కాయలు, వడియాలు ఆరబోసుకునే అలవాటు మనది. ప్యానెళ్లు కిందికి పెడితే ఆ జాగా పోయినట్టే. ఎత్తు స్టాండు మీద పెట్టించొచ్చు, ఖర్చు కొంచెం పెరుగుతుంది. ఆ సంగతి ఇంట్లో ఆడవాళ్లని అడిగి తేల్చుకోండి, ఆరబోసేది వాళ్లే కదా. కల్లం దుమ్ము, పత్తి నూగు పేరుకుంటే ఉత్పత్తి పడిపోతుంది. వారానికోసారి పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు కడగాలి. ప్రకాశం వైపు బోరు నీళ్లు తెల్లగా మరకలు కడతాయి, ఆరకముందే గుడ్డతో తుడిచేయండి. ఇంకోమాట, ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ అనుకుంటారు. వెలుతురు కావాలి గానీ వేడి కాదు. ప్యానెల్ కాగినకొద్దీ దిగుబడి తగ్గుతుంది. రెంటచింతల మే నెల ఎండకి దానికీ నీరసమే.

కరెంటు పోతే సోలార్ ఉంది కదా, ఫ్యాను తిరుగుతుంది అనుకుంటున్నారు. తిరగదు. లైను పోగానే మన సిస్టమూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కి మన ఇంటి కరెంటు తగలకూడదని అలా చేశారు. అప్పుడూ కావాలంటే బ్యాటరీ ఉండాలి, అది వేరే ఖర్చు. అమ్మేవాళ్లు ఈ మాట ముందు చెప్పరు.

దరఖాస్తు సూర్యఘర్ పోర్టల్లో. సర్వీసు నంబరు, ఫోను నంబరు, ఒక కరెంటు బిల్లు ఉంటే మొదలుపెట్టొచ్చు. రాకపోతే సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంటుని అడగండి. ఇక్కడ నా సొంత అనుభవం చెప్తాను. మా ఇంటి మీటరు మా తాతగారి పేరున ఉంది. ఆయన పోయి తొమ్మిదేళ్లు. నాన్న పేరున దరఖాస్తు చేస్తే వెనక్కి వచ్చింది. ఊళ్లూళ్లూ తిరిగి చెప్పే నేనే ఆ సంగతి చూసుకోలేదు! పేరు మార్పిడికి మరణ ధృవపత్రం దగ్గర్నుంచి అన్నీ వెతుక్కునేసరికి రెండు నెలలు గడిచాయి. ఈ ఊళ్లో సగం మీటర్లు పెద్దవాళ్ల పేర్ల మీదే ఉంటాయని నా అనుమానం. ముందు ఆ పని చేయించుకోండి.

రెండోది, పోర్టల్లో పేరున్న వెండరు దగ్గరే తీసుకోవాలి. మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లకే సబ్సిడీ. మా ఇంటికి ఒకతను వచ్చి 'ఇవైతే చవక, క్వాలిటీ కూడా ఇదే' అన్నాడు. చవకే, కానీ సబ్సిడీ రాదు. ఆ ముక్క నాన్న అడిగితే గానీ చెప్పలేదు. కొటేషన్లోనే డీసీఆర్ ప్యానెల్ అని రాయించుకోండి.

సబ్సిడీ ముందు రాదు. ప్యానెల్ బిగించాక డిస్కం వాళ్లు తనిఖీ చేసి నెట్‌మీటర్ పెడతారు, కమిషనింగ్ రిపోర్టు వస్తుంది, అప్పుడు మన బ్యాంకు వివరాలు ఇస్తే నేరుగా ఖాతాలో పడుతుంది. మన ఖాతాలోనే, వెండరు ఖాతాలో కాదు. మొత్తం చేతిలో లేకపోతే బ్యాంకులు మూడు కిలోవాట్ల వరకు పొలం కాగితాలు తాకట్టు అడక్కుండానే తక్కువ వడ్డీకి లోను ఇస్తున్నాయి. మిర్చి డబ్బు వచ్చేదాకా బయట రెండు రూపాయల వడ్డీకి తేవాల్సిన పని లేదు. పని పూర్తి కాకముందే ఓటీపీ చెప్పమంటే చెప్పొద్దు. అనుమానం వస్తే డిస్కం నంబరు 1912కి ఫోన్ చేయండి.

బిల్లులు తెచ్చినవాళ్లు ఉంటే ఇటు రండి. రచ్చబండ దగ్గర ఇంకో గంట ఉంటాను, ఒక్కొక్కరి లెక్క వేసి చూద్దాం. మీటరు పాతపేరున ఉన్నవాళ్లు ముందు రండి.